కడుపులో నంబరు

ఆ పాతకార్ల దొడ్డి పక్కనుంచి చీకటి పడ్డాక ఎవరూ నడవరు. తప్పనిసరైతే రోడ్డు దాటి, అవతలి పక్కనుంచి, తల తిప్పకుండా పోతారు. సైకిలు మీద వెళ్ళేవాళ్ళు కూడా అక్కడికి వచ్చేసరికి ఎందుకో గట్టిగా తొక్కుతారు.

పగలు చూస్తే అది మామూలు దొడ్డే. గుద్దుకున్నవీ, నీట మునిగినవీ, కాలినవీ... ఇక పనికిరావనుకున్న బండ్లన్నీ అక్కడికే చేరతాయి. టైర్లు ఊడదీసేవాళ్ళు, అద్దాలకు బేరాలాడేవాళ్ళు... సంతలో ఉన్నంత గోల. కానీ గేటు మూసి, మనుషులు వెళ్ళిపోయాక, వెనక గోడ దగ్గర ఒక కారు స్టార్టవబోతుందట.

అవదు. అవబోతుంది... అంతే. ఎవరో తాళంచెవి తిప్పినట్టు—కిర్ర్... కిర్ర్... ఇంజను అందుకోదు. కాసేపు ఆగి మళ్ళీ—కిర్ర్...

ఆ కారుకి బ్యాటరీ లేదు. తాళంచెవి పెట్టే చోటే లేదు. నిలువునా కాలిన కారు అది. దాన్ని ఎప్పుడో నలగ్గొట్టేశారు, చప్పుడు మాత్రం అక్కడే మిగిలిందట.

"పిల్లులండీ, రేకుల మీద పిల్లులు తిరుగుతుంటాయి" అని కొట్టిపారేసేవాళ్ళూ ఉన్నారు. ఉన్నారు గానీ, వాళ్ళూ అవతలి పక్కనుంచే నడుస్తారు!

ఆ కారు దగ్గరికి రాత్రిపూట వెళ్ళిన ఒక ఇంటి కోడలి సంగతి ఇది. నా చెవిన ఎలా పడిందో అలాగే చెబుతున్నాను.

ఆ కోడలు కార్లకు సీటు కవర్లు కుట్టే దుకాణంలో పనిచేసేది. ఇంట్లో అత్తా, తనూ—ఇద్దరే. మొగుడు కిరాయి కారు నడిపేవాడు. ఒకరోజు పొద్దున్నే దూరపు కిరాయి తగిలిందని బయల్దేరాడు. "ఆలస్యమైతే నాకోసం కూర్చోకండి, తినేసి పడుకోండి" అన్నాడు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ.

అంతే.

ఆ రాత్రి రాలేదు. ఆ ఏడాదీ రాలేదు. పై ఏడాదీ రాలేదు. మనిషీ లేడు, బండీ లేదు. భూమి మింగిందో, గాలి ఎత్తుకుపోయిందో!

లోకం ఊరుకుంటుందా? "ఎక్కడో ఇంకో కాపురం పెట్టుంటాడు" అన్నారు కొందరు. "కాలం చేసుంటాడు పాపం" అన్నారు కొందరు. కోడలు ఇద్దరికీ తల ఊపేది. కుట్టుమిషను తొక్కుతూ ఒక్కటే అనుకునేది— బతికున్నాడని తెలిస్తే తిట్టుకుంటూ బతకొచ్చు. పోయాడని తెలిస్తే ఏడ్చుకుంటూ బతకొచ్చు. ఏదీ తెలియకపోతే ఎలా బతకాలో ఎవరూ నేర్పలేదే...!

అత్త మాత్రం ఏ మాటా ఒప్పుకునేది కాదు. "పోయాడన్నవాడి నోట్లో మట్టి పడ! నా కొడుకు కిరాయికి వెళ్ళాడు. కిరాయి ముగిశాక వస్తాడు" అనేది. ఆ మాట చెప్పే తీరు చూస్తే, వాడు నిన్న వెళ్ళాడేమో అనుకుంటారు ఎవరైనా.

ఒకరోజు ఒక మెకానిక్కు ఆమె దుకాణం దగ్గరికి వచ్చాడు. చేతులకున్న నలుపు ఎంత తోమినా పోదని అతన్ని అందరూ గ్రీజన్న అంటారు. మొగుడి కారుకి రిపేర్లన్నీ చేసింది అతనే. వస్తూనే మాట్లాడలేదు. కవర్ల గుట్టని అటూ ఇటూ కదిపాడు, గుడ్డ బాగుందన్నాడు, మిషను చప్పుడు చేస్తోందన్నాడు.

"నాన్చుడు మాటలొద్దన్నా. వచ్చిన పని చెప్పు" అంది కోడలు.

"చెల్లెమ్మా... లోయలోంచి పైకి లాగారట, ఒక కాలిన కారుని. ఎప్పుడు పడిందో ఏమో, చెట్లు కమ్మేశాయట. దొడ్డిలో వెనక గోడ దగ్గర పడేశారు. చాలారోజులైంది. నాకే ఇప్పుడు తెలిసింది."

కోడలు మిషను ఆపింది.

"లోపల...?"

"ఎవరూ లేరన్నారు." నేల చూపులు చూస్తూ అన్నాడు. "అంత మంటలో... ఉన్నా మిగలరన్నారు."

"తెల్లదేనా?"

"రంగు ఏం మిగిలింది తల్లీ! మిగిలినా, తెల్లకారంటే కాకుల గుంపులో కాకిని పోల్చుకోవడమే. ముందూ వెనకా బోర్డులు లేవు. ఉన్నా నేను నమ్మను. బోర్డు చొక్కాలాంటిది, ఎవడైనా మార్చుకుంటాడు. ఫ్యాక్టరీలో పుట్టినప్పుడు కొట్టిన ప్లేటుంటుంది, ఛాసిస్ నంబరుది. అది పుట్టుమచ్చ."

"తెలుసు" అంది కోడలు. "కడుపులో నంబరు."

ఇంట్లో దానికి ఆ పేరు పెట్టింది మొగుడే. అందరూ బండి బోర్డు గుర్తుపెట్టుకుంటే, ఆయన లోపలి నంబరు కంఠతా పట్టాడు. పదిహేడు అక్షరాలూ అంకెలూ, ఎక్కడా తడుముకోకుండా! ఆమెకి కోపం వస్తే చాలు, వెనకగా వచ్చి చెవి దగ్గర గుసగుసగా ఆ నంబరు అప్పజెప్పేవాడు. "పైకి అందరికీ కనిపించే నంబరు వేరే. కడుపులో నంబరు నీకొక్కదానికే" అనేవాడు. ఆమె నవ్వేదాకా వదిలేవాడు కాదు. అలా విని విని ఆమెకీ వచ్చేసింది.

"రేపు పొద్దున నలగ్గొట్టే మెషీను వస్తోంది" అన్నాడు గ్రీజన్న. "రేకు ముద్దయిపోయాక ఇక దేవుడొచ్చినా చదవలేడు. ఓనరు బయటివాళ్ళని రానివ్వడు. కాపలా ముసలాయన నాకు తెలిసినవాడు. రాత్రికైతే గేటు తీస్తానన్నాడు. నంబరు చెప్పు, నేను వెళ్ళి చూసొస్తాను."

"చెప్పను."

"అదేంటి?"

"నేనూ వస్తాను. నువ్వు చదువు, నేను వింటాను. ముందే చెబితే... నాకేది మంచిదనిపిస్తే అలా చదివేస్తావు."

"అంటే నేను అబద్ధాలకోరునా?"

"కాదన్నా. మంచివాడివి. అదే నా భయం."

గ్రీజన్న నవ్వబోయి నవ్వలేకపోయాడు.

ఇంటికి వెళ్ళి అత్తకి ఉన్నదున్నట్టు చెప్పింది. దాచి ఏం లాభం! అత్త మొదట తిట్టింది. తర్వాత పెట్టె తీసి, అడుగునుంచి కొడుకు బండి కాగితం పైకి తీసింది.

"వెళ్ళు. కానీ నోటిమాట తేకు. నోటిమాటలు విని విని చెవులు తూట్లు పడ్డాయి. ఆ నంబరు కాగితం మీద దింపి పట్టుకురా. దీని పక్కన పెట్టి నేనే చూస్తా. అక్షరాలు రాకపోతేనేం... ఆకారాలు తెలీవా నాకు?"

దొడ్డి గేటు దగ్గర కాపలా తాత ఉన్నాడు. గొలుసు విప్పాడు గానీ గడప దాటలేదు.

"నువ్వు రావా తాతా?" అని అడిగాడు గ్రీజన్న.

"నాకు జీతమిచ్చేది గేటు కాపలాకయ్యా. లోపలున్నవాటికి కాదు" అన్నాడు తాత. తర్వాత గొంతు తగ్గించి— "వెనక గోడ దాకా తిన్నగా పోండి. చప్పుడు వినపడితే ఆగకండి... పలకకండి."

లోపల దారి సన్నగా ఉంది. అటూ ఇటూ ఒకదాని మీద ఒకటి పేర్చిన కార్లు. టార్చి వెలుగు పడ్డచోటల్లా ఏదో ఒకటి మెరుస్తోంది—పగిలిన అద్దం ముక్క, ఒంటికన్ను లైటు, తలుపు పిడి. ఒక కారు వెనక సీట్లో పిల్లల చెప్పు ఒకటి ఉంది. కోడలు అటు చూసి, చూడనట్టు నడిచింది.

పాత ఆయిలు వాసన. తడిసిన గుడ్డ వాసన. ఆ తర్వాత... కాలిన వాసన. ఎప్పుడో కాలిన కారుకి ఇంకా ఆ వాసన ఉంటుందా?

వెనక గోడ వచ్చింది.

అది కారులా లేదు. కారు తాలూకు ఎముకల్లా ఉంది. అద్దాల్లేవు, తలుపుల్లేవు. సీట్లున్నచోట స్ప్రింగులు మాత్రం నిలబడి ఉన్నాయి. ఆయన కారుకి కవర్లు తనే కుట్టింది, రెండు వరసల కుట్టు వేసి, గట్టి దారంతో. వెదికింది—దారప్పోగు కూడా మిగల్లేదు.

"చెల్లెమ్మా, ఇలా రా" అన్నాడు గ్రీజన్న మెల్లగా. అతనూ గుసగుసగానే మాట్లాడుతున్నాడు. అక్కడ గట్టిగా మాట్లాడాలని ఎవరికీ అనిపించదు.

బానెట్టు బిగుసుకుపోయి ఉంది. గునపం దూర్చి లేపాడు. తుప్పు రాలింది. దాన్ని నిలబెట్టే కడ్డీ ఎప్పుడో విరిగిపోయింది.

"కర్ర పెడదామంటే జారుతోంది. నువ్వు పట్టుకోగలవా?"

కోడలు టార్చి అతనికిచ్చేసింది. వెనక్కి తిరిగి, బస్తా మోసేవాళ్ళలా, రేకు అంచుని భుజానికెత్తుకుంది. రెండు చేతులా పట్టింది. ఇప్పుడామె మొహం గోడ వైపు. వీపు వెనక కారు. కారులోకి నడుందాకా వంగిన గ్రీజన్న.

"ప్లేటు ఎక్కడుంటుందన్నా?"

"ఇంజను వెనకాల, అడ్డుగోడలా ఒక రేకుంటుంది కదా... దాని మీద. రెండు రివిట్లు కొట్టి ఉంటుంది. ఆగు... మసి పేరుకుపోయింది..."

బ్రష్షు గీకుతున్న చప్పుడు. కిరసనాయిలు గుడ్డతో తుడుస్తున్న వాసన. మళ్ళీ గీకుడు. కోడలి చేతులు లాగుతున్నాయి. వేళ్ళకి తుప్పు గుచ్చుకుంటోంది.

అప్పుడు...

కిర్ర్...

బ్రష్షు ఆగింది.

"అన్నా..."

"ఏం లేదు. రాత్రిపూట రేకు చల్లబడితే అలాగే అంటుంది."

ఎండాకాలం కాదు. పగలంతా మబ్బే. ఏ వేడికి వేడెక్కి ఇప్పుడు చల్లబడుతోంది ఈ రేకు? అడగాలనుకుంది. రేకుని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

కిర్ర్... కిర్ర్...

ఆగిపోయింది.

"కాగితం పెడుతున్నా" అన్నాడు గ్రీజన్న. "పైన పెన్సిలు రుద్దితే నంబరు తెల్లగా తేలుతుంది. కంటికి ఆననిది కాగితానికి ఆనుతుంది. కదలకు తల్లీ, రేకు మీద పడితే నా మెడ తెగుతుంది."

కదల్లేదు.

పెన్సిలు చప్పుడు—సరసర... సరసర... ఇంకేం లేదు. దొడ్డంతా చెవులు రిక్కించి వింటున్నట్టుంది.

చాలాసేపటికి... గుసగుసగా—

"ఎమ్..."

కోడలు కళ్ళు మూసుకుంది.

"బీ... వై..."

పర్వాలేదు, పర్వాలేదు. ఆ కంపెనీ కార్లన్నిటికీ మొదట అవే ఉంటాయని ఆయనే చెప్పేవాడు. ముందువి కలిసినంత మాత్రాన ఏం కాదు. వెనకవి కలవకూడదు, అంతే.

"నాలుగు... డీ... ఒకటి..."

ఒక్కో అక్షరం పడుతుంటే ఒక్కో మెట్టు దిగుతున్నట్టుంది. కింద ఏముందో కనబడదు. ఇక్కడ తప్పాలి, అనుకుంది. తప్పలేదు. పోనీ ఇక్కడ... ఇక్కడా తప్పలేదు.

రేకు మూతలా ఉండడం వల్లేమో, ఆ గుసగుస మరీ చెవి పక్కనే వినిపిస్తోంది. తుప్పు దుమ్ము గొంతులో పడ్డట్టు కాస్త బొంగురుగా ఉంది. తొందర లేదు. ఒక్కోటి చదివి, ఆగి, మళ్ళీ చదువుతోంది.

"తొమ్మిది... సున్నా... సున్నా..."

వద్దన్నా, ఆపెయ్, అందామనుకుంది. ఇన్నేళ్ళూ తెలియాలి తెలియాలి అని కొట్టుకుంది తనే. ఇప్పుడు తెలుస్తుంటే చెవులు మూసుకోవాలనుంది. మూసుకోవడానికి చేతులు ఖాళీగా లేవు.

"ఆరు... మూడు..."

ఇంకొక్కటే. ఆ ఒక్కటి ఎనిమిది కాకపోతే చాలు. ఎనిమిది తప్ప ఏదైనా సరే. రెండైనా, అయిదైనా, ఏదైనా...

పెన్సిలు ఆగింది. ఆ తర్వాత—ఎంతో మెత్తగా, ఏడ్చే పిల్లకి చెబుతున్నట్టు—

"...ఎనిమిది."

రేకు బరువు తెలియలేదు.

"చాలన్నా" అంది. ఆమె గొంతు ఆమెకే కొత్తగా ఉంది. "మన బండే."

కాసేపటికి గ్రీజన్న బయటికి వచ్చి, ఆమె భుజాల మీదనుంచి రేకు తీసి దింపాడు. ఆమె మొహంలోకి చూసి ఏదో అనబోయి మానేశాడు.

తిరిగి వస్తుంటే ఇద్దరూ మాట్లాడుకోలేదు. గేటు దగ్గర తాత వాళ్ళ మొహాలు చూసి, ఏమైందని అడక్కుండానే గొలుసు వేసేశాడు.

"ఆ కాగితం ఇవ్వన్నా. అత్తకి చూపించాలి."

గ్రీజన్న జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. ఇవ్వాలా వద్దా అన్నట్టు పట్టుకుని నిలబడ్డాడు. "ఇందులో ఏముంది చెల్లెమ్మా..." అన్నాడు. ఆమె చెయ్యి చాపే ఉంది. ఇచ్చేశాడు. "నీకు తెలిసిపోయింది కదా... ఇక నేనేం మాట్లాడను" అని తల వంచుకుని వెళ్ళిపోయాడు.

అత్త గుమ్మంలోనే కూర్చుని ఉంది. కోడల్ని చూడగానే లేచింది. ఏమీ అడగలేదు. చెయ్యి చాపింది. కాగితం పుచ్చుకుని దీపం కిందకి పోయింది. తన కాగితం నేల మీద పరిచి, పక్కన దీన్ని విప్పింది.

కోడలు గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. ఇప్పుడు ఏడుస్తుంది. ఇప్పుడు ఆ అరుపు వినాలి. ఇన్నేళ్ళుగా ఆపిన అరుపు...

"ఏదే?" అంది అత్త.

కోడలు కళ్ళు తెరిచింది.

"ఏదే నంబరు? ఎటు పక్కన చూడాలి?"

కోడలు వచ్చి చూసింది. కాగితమంతా బూడిద రంగు. ఈ అంచు నుంచి ఆ అంచుకి పెన్సిలు రుద్దిన మరకే. మధ్యలో తుప్పు గుంటల గరుకు. అక్షరం లేదు. అంకె లేదు. దీపానికి అడ్డం పెట్టి చూసింది. తిరగేసి చూసింది.

"ఖాళీ!" అంది అత్త. ముడతల మొహం ఒక్కసారిగా విచ్చుకుంది. "చెప్పానా? మనవాడిది కాదు! నేను చెప్పానా లేదా? ఈ ఇంట్లో నా మాట ఎవరు వింటారు!"

"కాదత్తా... ఉండు. అన్న కంగారులో వేరే కాగితం ఇచ్చుంటాడు."

ఫోను చేసింది. నిశ్శబ్దంలో అవతలి గొంతు అత్తకీ వినిపిస్తోంది.

"అదే కాగితం చెల్లెమ్మా" అన్నాడు గ్రీజన్న. "ప్లేటు అల్యూమినియంది కదా, ఆ మంటకి కరిగి కారిపోయింది. రివిట్ల బొక్కలే ఉన్నాయి. దాని పక్కన ఇనప రేకు మీద కూడా నంబరు గుద్దుతారు. దాని మీదైనా పెన్సిలు రుద్దుదామని చూశాను. తుప్పు తినేసింది. ఒక్క గీత కూడా తేలలేదు."

"మరి చదివావు కదన్నా...! మొదటి నుంచి చివరిదాకా ఒక్కోటీ..."

అవతల ఏదో కింద పెట్టిన చప్పుడు.

"అన్నా?"

"చెల్లెమ్మా... నేనెలా చదువుతానమ్మా? ఒక చేత్తో కాగితం అదిమిపెట్టాను, ఒక చేత్తో పెన్సిలు. టార్చి నా పళ్ళ మధ్య ఉంది. రుద్దుతున్నంతసేపూ నోరు తెరవలేదు. నువ్వే ఉన్నట్టుండి 'చాలన్నా, మన బండే' అన్నావు. వేరే గుర్తేదో పట్టావనుకున్నాను. అడగడానికి మనసు రాలేదు..." ఆగాడు. "నువ్వు... ఏం విన్నావమ్మా?"

కోడలి చేతిలోంచి ఫోను జారి ఒళ్ళో పడింది. అందులోంచి "చెల్లెమ్మా... చెల్లెమ్మా" అని పిలుపు వస్తూనే ఉంది. కాసేపటికి అదీ ఆగిపోయింది.

అత్త మొహంలో ఇందాకటి వెలుగు లేదు. దీపం ముందు అలాగే కూర్చుంది. ఆ ఖాళీ కాగితాన్ని నెమ్మదిగా, నలగకుండా, మడత మీద మడత పెట్టింది. బండి కాగితం మీద దాన్ని పెట్టింది. రెండింటి మీదా అరచెయ్యి ఆనించింది.

"వాడేనా?" అంది.

కోడలు తల ఊపింది.

అత్త ఏడవలేదు. కోడలి దగ్గరికి జరిగి, ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. చాలాసేపటి తర్వాత, పక్కగదిలో ఎవరో పడుకున్నట్టు, వాళ్ళకి మెలకువ వస్తుందేమో అన్నట్టు, మెల్లగా అడిగింది—

"గొంతు బాగానే ఉందే వాడిది? నీరసంగా ఏం లేదు కదా?"